గాలిలో కలిసిన మాట

ఉద్దేశం : పూర్వం రేడియో కేంద్రంలో పని ఏ విధంగా జరిగేదో తెలుసుకోవడం, పదిమందికి చేరే మాట విషయంలో మనకుండవలసిన బాధ్యతను గుర్తించడం.

మాది రాయచూరు జిల్లా, సింధనూరు తాలూకాలోని ఒక క్యాంపు. తుంగభద్ర ఆనకట్ట నుంచి 1953లో కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ కింది నల్లరేగడి భూములలో వరి పండించడానికి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఎందరో రైతులు తరలివచ్చారు. వారు గుడిసెలు వేసుకొన్న చోట్లే క్రమంగా ఊళ్ళయ్యాయి. ఆ ఊళ్ళ పేర్ల చివర 'క్యాంపు' అనే మాట నేటికీ నిలిచి ఉంది.

అంగడిలోను, కచేరీలోను మేము కన్నడం మాట్లాడేవాళ్ళం. ఇంట్లో తెలుగు. తెలుగు పత్రిక మా ఊరికి చేరేసరికి అందులోని వార్తలు పాతబడిపోయేవి. కాబట్టి రోజూ తాజాగా తెలుగు మాట వినిపించేది రేడియో ఒక్కటే. ఆ రోజులలో రేడియో ఉన్నవారు తపాలా కార్యాలయంలో ఏటా రుసుము కట్టి లైసెన్సు పొందవలసి వచ్చేది. మా నాన్నగారు ఆ రుసుము కట్టి, సాయంత్రం కాగానే రేడియోను వేపచెట్టు కింద పెట్టేవారు. పదిమంది రైతులు చుట్టూ కూర్చొని వ్యవసాయ కార్యక్రమం వినేవారు.

రేడియో మా ప్రాంతానికి కొత్త కాదు. రాయచూరు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. నిజాం కాలంలో 'దక్కన్ రేడియో' ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీ కార్యక్రమాలను కూడా ప్రసారం చేసేది. 1950లో దానిని భారత ప్రభుత్వం స్వీకరించింది. ఇక 'ఆకాశవాణి' అనే పేరుకు ప్రచారం కలిగింది కన్నడ నేలమీదనే. మనస్తత్వశాస్త్ర ఆచార్యులు ఎం.వి. గోపాలస్వామి 1935లో మైసూరులోని తమ ఇంట్లో ఒక చిన్న కేంద్రాన్ని నెలకొల్పి, ఆ పేరుతో నడిపారు.

1970వ దశకంలో నాకు ఒక తెలుగు రేడియో కేంద్రంలో అనౌన్సరుగా ఉద్యోగం దొరికింది. మొదటిరోజు స్టూడియోలో అడుగుపెట్టగానే నా ఊపిరి చప్పుడు నాకే వినిపించింది. బయటి శబ్దం లోపలికి రాకుండా తలుపులు మందంగా ఉండేవి. ఎర్రదీపం వెలిగితే మైకు పనిచేస్తున్నదని గుర్తు. అప్పుడు కాగితం గరగరలాడినా వేల ఇళ్ళలో వినబడుతుంది. అందుకే కాగితాలకు గుండుసూదులు తీసివేసి, ఒక్కొక్కటిగా చప్పుడు కాకుండా పక్కకు జరిపేవాళ్ళం.

ముందుగా రికార్డు చేసిన ప్రసంగాలు టేపుమీద ఉండేవి. ఒక సెకనులో ఏడున్నర అంగుళాల టేపు తిరిగేది. ప్రసంగంలో తప్పు దొర్లితే అంతమేరకు టేపును బ్లేడుతో కోసి, మిగిలిన కొసలను అంటించేవాళ్ళం. కాని నేరుగా చదివే ప్రకటనను కోయడానికి ఏ బ్లేడూ లేదు. నోరు దాటిన మాట అప్పుడే గాలిలో కలిసిపోతుంది.

రైతులు రేడియోను ఎంతగా నమ్మేవారో మా పెద్దలు చెబుతూ ఉండేవారు. 1960వ దశకంలో తంజావూరు ప్రాంతంలో ఏ.డి.టి. 27 అనే వరి వంగడాన్ని గురించి రేడియోలో విని సాగు చేసిన రైతులు, దానికి 'రేడియో వరి' అనే పేరు పెట్టుకొన్నారట!

ఒకనాటి సాయంత్రం వరిపైరులో దోమను అరికట్టడాన్ని గురించిన ప్రకటన నా చేతికి వచ్చింది. అది కార్బన్ కాపీ. లీటరు నీటిలో 2.0 మిల్లీలీటర్ల మందు కలపాలని అందులో ఉంది. నడుమనున్న చుక్క సరిగా పడలేదు. నేను 'ఇరవై' అని చదివాను. చదువుతూండగానే సందేహం కలిగింది. కాని ఆగితే బాగుండదని ముందుకు సాగిపోయాను.

పాట మొదలైంది. మనసు ఊరుకోలేదు. పరుగున వెళ్ళి అసలు ప్రతి చూశాను. గుండె జల్లుమంది. పది రెట్లు మందు కొడితే పైరు మాడిపోతుంది. కొట్టే మనిషికీ ముప్పే. వెంటనే డ్యూటీ ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన కోపపడలేదు. "ముందు దిద్దు. సంజాయిషీ తరువాత రాద్దువుగాని" అన్నారు. పాట ముగియగానే "ఇంతకుముందు నేను చెప్పింది పొరపాటు. ఇరవై కాదు, రెండు. రెండు మిల్లీలీటర్లు మాత్రమే" అని చదివాను. మరునాడు కూడా దానిని మూడుసార్లు ప్రసారం చేశాం.

నాలుగు రోజుల తరువాత నాన్నగారి నుంచి కార్డు వచ్చింది.

"చిరంజీవికి ఆశీస్సులు. నువ్వు ఇరవై అన్నప్పుడు వేపచెట్టు కింద పదిమందిమి ఉన్నాం. నేను పుస్తకంలో రాసుకొన్నాను కూడా. ఇద్దరు అంతటితో లేచి ఇళ్ళకు వెళ్ళిపోయారు. పాట అయ్యాక నీ దిద్దుబాటు విని, లాంతరు పుచ్చుకొని వాళ్ళ గుమ్మాల దాకా వెళ్ళి చెప్పి వచ్చాను. ఇక్కడంటే నేనున్నాను నాయనా! మిగిలిన ఊళ్ళలో లేచి వెళ్ళినవాళ్ళకు ఎవరు చెబుతారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. నాటినుంచి ప్రతి కాగితాన్నీ ముందుగా ఒకసారి పైకి చదువుకొనేవాణ్ణి. అంకెలను అక్షరాలలో రాసుకొనేవాణ్ణి. సందేహం వస్తే రాసినవారిని అడగనిదే మైకు ముందు కూర్చోలేదు. ఉద్యోగం ముగిసేవరకు ఆ కార్డు నా బల్ల సొరుగులోనే ఉంది.

పిల్లలూ! నేడు రాయచూరులోనే ఆకాశవాణి కేంద్రం ఉంది. సెల్‌ఫోను ఉన్న ప్రతివారూ ఒక్క క్షణంలో వందమందికి కబురు పంపగలరు. అంటే ఆనాడు నా ముందున్న మైకు ఈనాడు మీ అందరి చేతిలోనూ ఉంది. తెలియని సంగతిని పంపకండి. పొరపాటు జరిగితే దాచకండి, వెంటనే దిద్దండి. అప్పటికే లేచి వెళ్ళిపోయినవారు ఉంటారని మాత్రం మరవకండి.

పదాలు - అర్థాలు
కచేరీ = ప్రభుత్వ కార్యాలయం
రుసుము = కట్టవలసిన సొమ్ము
వంగడం = విత్తన రకం
సంజాయిషీ = జరిగినదానికి ఇచ్చుకొనే వివరణ

ప్రశ్నలు
1. తుంగభద్ర ఎడమకాలువ కింద క్యాంపులు ఎలా ఏర్పడ్డాయి?
2. టేపుమీది ప్రసంగానికీ, నేరుగా చదివే ప్రకటనకూ గల భేదమేమి?
3. రచయిత పొరపాటు చదవడానికి కారణాలేవి? అందులో ఆయన తప్పు ఎంత?
4. "మిగిలిన ఊళ్ళలో ఎవరు చెబుతారు?" అనే మాటలోని ఆవేదనను వివరించండి.
5. మీ ఊరి పెద్దలను అడిగి, వారు విన్న రేడియో కార్యక్రమాలను గురించి పది వాక్యాలు రాయండి.