రోటరీ ఇంజను విమానానికి ఆల్టర్నేటరు ఎంపిక



బోరబండ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే భరత్‌నగర్, ఫతేనగర్ దాటిన కొద్దిసేపటికే బేగంపేట వస్తుంది. ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలిపోయినప్పటికీ బేగంపేట విమానాశ్రయంలో వైమానిక ప్రదర్శనలు జరుగుతూనే ఉన్నవి. అటువంటి ప్రదర్శన ఒకటి చూచి వచ్చిన మన విద్యార్థి నన్నొక ప్రశ్న అడిగినాడు. అతని మేనమామ అమీర్‌పేటలో కార్ల ఎలక్ట్రీషియను. పనివాళ్లందరూ ఆయనను ఉస్తాద్ అంటారు.

"సార్, కొందరు ఇంట్లోనే చిన్న విమానం కట్టుకొని దానికి కారు రోటరీ ఇంజను బిగిస్తారట. దానికి ఏ ఆల్టర్నేటరు వేయాలి? ఎంత పెద్దదైతే అంత మంచిదంటారు మా మామూ."

తెలుగు అధ్యాపకుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదిది. అయినను భౌతికశాస్త్ర మిత్రుల సాయంతో నేను గ్రహించిన దానిని ఇక్కడ వ్రాస్తున్నాను. ముందుగా ఒక మాట. ఒక విద్యార్థి దీనిని "ప్రత్యామ్నాయకం" అని అనువదించినాడు. అది పొరపాటు. దిశ మార్చుకొంటూ ప్రవహించే విద్యుత్తును పాఠ్యపుస్తకాలు ఏకాంతర ప్రవాహమంటవి. దానిని పుట్టించేదే ఆల్టర్నేటరు. లోపలి డయోడ్లు ఆ ప్రవాహాన్ని ఏకముఖంగా మార్చి బ్యాటరీకి అందిస్తవి.

ఇంట విమానం కట్టడం కేవలం ఊహ కాదు. ముంబయిలో అమోల్ యాదవ్ తన ఇంటి డాబాపై నిర్మించిన విమానానికి 2017లో ప్రభుత్వ నమోదు లభించింది. రోటరీ ఇంజను కూడ మనకు పరాయిది కాదు. మన దేశంలో రూపొందించిన 55 అశ్వశక్తుల వాంకెల్ ఇంజను 2009లో, తెలుగువారు ఎందరో నివసించే కోలారు వద్ద, నిశాంత్ అనే మానవరహిత విమానాన్ని ఎగురవేసింది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో సిలిండర్లే గిరగిర తిరిగే ఇంజనులను కూడ రోటరీ అనేవారు, అవి వేరు. వాంకెల్ ఇంజనులో పిస్టన్లుండవు. మూడు మూలల రోటారు ఒక్కసారి తిరిగే లోపల ఇరుసు మూడుసార్లు తిరుగుతుంది. ఇళ్లలో విమానాలు కట్టుకొనేవారు ఎక్కువగా వాడేది మాజ్డా కార్ల 13బి ఇంజను.

ఇక అసలు చిక్కు ఇక్కడున్నది. సంప్రదాయ విమానపు ఇంజనుకు మాగ్నెటో ఉంటుంది. బ్యాటరీ చచ్చినా ఆల్టర్నేటరు ఆగినా అది నిప్పురవ్వ పుట్టిస్తూనే ఉంటుంది. కారునుండి వచ్చిన రోటరీ ఇంజనుకు ఆ భాగ్యం లేదు. నిప్పురవ్వ, ఇంధనపు పంపు, ఇంజెక్టర్లు అన్నీ విద్యుత్తు మీదనే ఆధారపడినవి. కారులో కరెంటు పోతే రోడ్డు ప్రక్కన ఆపుకోవచ్చు. ఆకాశంలో ప్రక్క అనేది లేదు.

కనుక మొదట కాగితం మీద లెక్క వేయాలి. ఉదాహరణకు ఇంధనపు పంపుకు 6 ఆంపియర్లు, ఇగ్నిషను కాయిళ్లకు, ఇంజెక్టర్లకు కలిపి 7, ఇంజను కంప్యూటరుకు 1 అనుకొందాము. ఈ 14 లేనిదే ఇంజను నడవదు. రేడియో, పరికరాలు, దీపాలకు మరి 9. స్టార్టు చేసిన తరువాత బ్యాటరీ తిరిగి నిండడానికి 10. మొత్తం 33. ఆల్టర్నేటరు శక్తిలో నూటికి ఎనబదికి మించి వాడరాదన్న నియమం పాటిస్తే 41 వస్తుంది. కావున 45 ఆంపియర్లది చాలు. ఉస్తాద్ గారి 100 ఆంపియర్ల యంత్రం బరువు పెంచుతుంది. అది అదుపు తప్పిననాడు కలిగే నష్టమూ ఎక్కువే.

అదుపు తప్పడమంటే ఏమి? పాతకాలపు మెకానిక్కులు కటౌట్ అని పిలిచే రెగ్యులేటరు వోల్టేజీని 14 చిల్లరలో నిలుపుతుంది. అది చెడితే వోల్టేజీ పైపైకి పోయి ఇంజను కంప్యూటరునే కాల్చవచ్చు. ఆగిపోయిన ఆల్టర్నేటరు కన్న ఇది ప్రమాదకరం. ఎందుకనగా బ్యాటరీ ఆదుకొనే అవకాశమే మిగలదు. రెగ్యులేటరు బయట ఉండే రకంలో, వోల్టేజీ 16 దాటగానే ఫీల్డు తీగను తెంచే రక్షణ సాధనాన్ని సులభంగా అమర్చవచ్చు. లోపలనే ఉండే రకంలో కొన్ని, ఒకసారి ఉత్పత్తి మొదలైన తరువాత స్విచ్చి ఆపినా ఆగవు. అందుచేత బయట రెగ్యులేటరు ఉన్నదే నా ఓటు.

వేగం సంగతి కూడ చూడాలి. కారు ఊరకే నిలబడి ఉన్నప్పుడు కూడ బ్యాటరీ నిండాలని దాని ఆల్టర్నేటరుకు చిన్న పుల్లీ పెడతారు. విమానంలో రోటరీ ఇరుసు గంటలకొద్దీ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంది. నిష్పత్తి 2 అయితే ఆల్టర్నేటరు 12,000 చుట్లు తిరగాలి. పెద్ద పుల్లీ వేసి నిష్పత్తిని 1.5కు దించితే 9,000 చాలు. కేంద్రాపసారి బలం వేగవర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి తీగచుట్టల మీది ఒత్తిడి నూటికి 44 వంతులు తగ్గుతుంది.

వేడిని చాలమంది మరచిపోతారు. 40 ఆంపియర్లు, 14 వోల్టులు అంటే 560 వాట్లు. సామర్థ్యం నూటికి అరువది అనుకొంటే మరి 370 వాట్లు వేడిగా మారుతవి. ప్రొపెల్లరు ఫ్లైవీలు వైపు బిగిస్తారు గనుక పుల్లీ వైపు భాగం వెనుక గోడ దగ్గరికి చేరుతుంది. అక్కడికి గాలి సరిగా అందదు. పైగా రోటరీ పొగగొట్టం పిస్టను ఇంజనుదానికన్న వేడి. ముందునుండి ఒక గొట్టం ద్వారా చల్లగాలిని ఆల్టర్నేటరు మీదికి తేవలసినదే.

ఇన్ని చేసినా అది ఒకనాడు ఆగుతుందనే అనుకోవాలి. 16 ఆంపియర్-గంటల బ్యాటరీ 14 ఆంపియర్ల భారాన్ని గంటకు పైగా మోయాలని భాగహారం చెప్పుతుంది. కాని అంత వేగంగా వాడినప్పుడు బ్యాటరీ తన పూర్తి శక్తిని ఈయదు. అందుచేత తొలిసారి ఎగరడానికి ముందే చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను మితిమీరి వేడెక్కకుండ చూచుకొంటూ, ఆల్టర్నేటరు ఆపి బ్యాటరీ మీదనే నడిపి, వోల్టు మీటరు 11కు దిగేవరకు గడియారం చూడాలి. వచ్చిన నిమిషాలలో సగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకొని, ఆ అంకెను పైలటు కళ్లెదుట మీటర్ల ప్రక్కన వ్రాసి అంటించాలి. బ్యాటరీ పాతబడినకొద్దీ ఆ అంకె తగ్గుతుంది కనుక ఏటా మళ్లీ కొలవాలి.