తుపాకీకి కర్ర మేలా, ప్లాస్టిక్ మేలా?

జనవరి 26 కవాతు చూసివచ్చిన తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అడిగాడు: "మాస్టారూ, ఎన్.సి.సి. వాళ్ల పాత తుపాకులకు కర్ర ఉంటుంది. టీవీలో సైనికుల తుపాకులకు ప్లాస్టిక్ ఉంది. అది విరిగిపోదా?"

మంచి ప్రశ్నే. భుజానికి ఆనించే మడమ నుంచి, ఇనుప గొట్టాన్ని మోసే భాగం వరకు ఉన్నదాన్ని స్టాక్ అంటారు. పాత .303 రైఫిల్‌కు ఇది కర్రతో చేసేవారు. కర్రతో వచ్చే చిక్కు మన గజపతినగరం రైతులకు కొత్త కాదు. ఎండాకాలంలో నాటుబండి చక్రం ఆకులు వదులైతే దాన్ని చెరువులో నానబెట్టేవారు. కర్ర ఉబ్బి బిగుసుకునేది. ఎందుకని? కర్రలోని సెల్యులోజు అణువులకు హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. అవి నీటి అణువులను ఆకర్షిస్తాయి. ఆ నీరు పీచుల గోడల్లో చేరి వాటిని ఎడంగా నెడుతుంది. అందుకే కర్ర పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది.

బండికి మేలు చేసిన ఈ గుణమే తుపాకీకి చేటు. వానాకాలంలో స్టాక్ ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నొక్కిందనుకోండి. 60 సెం.మీ. గొట్టం కొస 0.3 మి.మీ. జరిగితే ఏమవుతుంది? సరూప త్రిభుజాల లెక్క వేయండి. 100 మీటర్ల దూరంలో గుండు 5 సెం.మీ. పక్కకు పోతుంది. తిట్లు మాత్రం కాల్చిన కుర్రవాడికే! ఇక చీలిక సంగతి. పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్‌లో తయారైన అనేక .303 రైఫిళ్లకు, ముందు కర్ర చీలకుండా అడ్డంగా ఒక మర బిగించేవారు.

1959లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ నైలాన్ స్టాక్‌తో 'నైలాన్ 66' అనే .22 రైఫిల్ తెచ్చింది. 66 అన్నది ఆ నైలాన్ రకం పేరే. దాన్ని తయారుచేసే రెండు పదార్థాల అణువుల్లోనూ ఆరేసి కార్బన్ పరమాణువులుంటాయి. నిజానికి నైలాన్ కూడా కొంత నీరు పీలుస్తుంది. అందుకే నేటి స్టాక్‌లలో చాలావాటికి గాజుపీచు కలుపుతారు. గాజు నీరు పీల్చదు, వంగనివ్వదు. కరిగిన ముద్దను అచ్చులోకి నెడితే అన్నీ ఒకే కొలతలో వస్తాయి. కర్రలా నెలల తరబడి ఆరబెట్టే పని లేదు, చెదల బెడదా లేదు.

మరి విరగదా? చలికి కొన్ని ప్లాస్టిక్‌లు పెళుసెక్కుతాయి. 1999 కార్గిల్ యుద్ధంలో మన ఇన్సాస్ రైఫిళ్ల ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని ఫిర్యాదులు వచ్చాయి. కాబట్టి కుర్రవాడి అనుమానం ఉత్తదేమీ కాదు. ఏ ప్లాస్టిక్, ఏ చోటికి అన్నది చూసుకోవాలి.

మీరూ పరీక్షించవచ్చు. రంగు వేయని చెక్కముక్క ఒకటి, ప్లాస్టిక్ స్కేలు ముక్క ఒకటి తీసుకోండి. వెర్నియర్ కాలిపర్స్‌తో పొడవు, వెడల్పు, మందం కొలవండి. రెండు రోజులు నీటిలో ఉంచి, తుడిచి, మళ్లీ కొలవండి. చెక్క ఏ దిక్కున ఎక్కువ పెరిగిందో నోటుపుస్తకంలో రాసుకోండి.