ఫోమ్ విమానానికి టేపర్ రెక్క: కొస మరీ సన్నం చేయకండి

ధవళేశ్వరం దగ్గర నా మొదటి టేపర్ రెక్క విమానం ల్యాండింగ్ మలుపులో ఒక పక్కకి ఒరిగి నేరుగా వరిచేలో పడింది. మోటార్ నిండా బురదే! తప్పు నాదే లెండి. మొదలు వెడల్పు 200 మి.మీ., కొస 70 పెట్టా. స్పీడ్ తగ్గగానే సన్నటి కొస ముందు స్టాల్ అయ్యింది.

ఈసారి కొస 120. వేడి వైర్‌తో కోసేటప్పుడు రెండు చివర్లూ ఒకేసారి మొదలై ఒకేసారి ముగియాలి. కొస వైపు వైర్ నెమ్మదిగా కదులుతుంది, అక్కడ ఫోమ్ ఎక్కువ కరుగుతుంది. అందుకే ఆ టెంప్లేట్ కాస్త పెద్దది చేసుకోండి. దాని వెనక అంచు 4 మి.మీ. పైకి ఉండేలా బిగిస్తే సుమారు 2 డిగ్రీల వాషౌట్ వస్తుంది. అప్పుడు మొదలే ముందు స్టాల్ అవుతుంది, ఐలెరాన్లు మన మాట వింటాయి.

బ్యాలెన్స్ మాత్రం మొదలు దగ్గర కొలవకండి. ఒక వైపు రెక్క పొడవు 500 అయితే, మొదలు నుంచి 229 దగ్గర సగటు కార్డ్ 163 వస్తుంది. దాని ముందు అంచు నుంచి 41 వెనక బరువు నిలవాలి.