ఏ పాత ఆట ఉంచాలి? లెక్క వేసి చూద్దాం

హాస్టల్ అల్మరాలో చోటు లేదు. ఏదో ఒక బోర్డు గేమ్ తీసేయాలి. "పాతదే కదా, తీసేద్దాం" అనేముందు రిజిస్టర్ తెరుద్దాం.

ఒక ఆట నాలుగేళ్లలో 200 సార్లు ఆడారు, ఇంకొకటి ఏడాదిలో 80 సార్లు అనుకోండి. మొత్తం చూస్తే మొదటిదే గెలిచింది. కానీ మొత్తం పెరుగుతుందే తప్ప తగ్గదు. ముందొచ్చిన ఆటకి వయసే మార్కులు వేసేస్తుంది. ఏడాది సగటు తీస్తే 50, 80. ఇప్పుడు రెండోది ముందుంది!

ఇక్కడ ఆగినా పొరపాటే. కొత్త ఆట మీద మోజు మొదటి నెలే ఎక్కువ. అందుకే చివరి మూడు నెలలు విడిగా లెక్కపెట్టాలి. మొదటిది 12, రెండోది 2 వస్తే, నిలిచిందేదో తెలిసినట్టే.

ఇంకో ప్రశ్న మిగిలింది: ఆ 12 సార్లూ అదే నలుగురా? అయితే వాళ్లు పాసై వెళ్లగానే ఆటా ఆగిపోతుంది. 1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1995లో జర్మనీలో వచ్చిన కటాన్ నేటికీ బతికున్నాయంటే, ప్రతి తరంలో కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నారు కాబట్టే.

కాబట్టి రిజిస్టర్లో తేదీతో పాటు ఆడినవాళ్ల ఇయర్ కూడా రాయండి. పెట్టె మీద దుమ్ము కాదు, ఆ గడి చూసి తేల్చండి.