ముందు నీ నోట విననీ

చి.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వం గురించి మీ ఆరేళ్ల బుజ్జిగాడికి ఎలా చెప్పాలని అడిగావు. బడిలో ఎలాగూ వింటాడు, ముందు నీ నోట వింటేనే మంచిది. కొరడాలతో, గొలుసులతో మాత్రం మొదలుపెట్టకు. ఆ వయసులో భయం ఒక్కటే మిగిలిపోతుంది. ఒక పిల్లాడితో మొదలుపెట్టు.

బానిసగా పుట్టి, మీ బాల్టిమోర్‌లోనే పెరిగిన ఫ్రెడరిక్ డగ్లస్ ఉన్నాడుగా. తన పుట్టినరోజు ఎప్పుడో అతనికే తెలీదు. తల్లిది వేరే పొలం. పగలంతా చాకిరీ చేసి, రాత్రి పన్నెండు మైళ్లు నడిచొచ్చి, కొడుకును పక్కలో పడుకోబెట్టుకుని, తెల్లారకముందే వెళ్లిపోయేది. అలా వచ్చింది నాలుగైదుసార్లే, తర్వాత చనిపోయింది. ఆ పైన బాల్టిమోర్‌లో యజమానురాలు సోఫియా అక్షరాలు నేర్పబోతే, చదువొస్తే బానిసగా పడి ఉండడని భర్త ఆపించాడు. అప్పుడు ఫ్రెడరిక్ రొట్టెముక్కలు పట్టుకుని వీధిలోకి వెళ్లి, తిండికి మొహంవాచిన తెల్లపిల్లలకు అవి పెట్టి పాఠం చెప్పించుకునేవాడు. ఇక్కడ ఆగి, బుజ్జిగాణ్ణి మాట్లాడనీ. తెల్లవాళ్లంతా చెడ్డవాళ్లేనా అని అడుగుతాడు. ఆ రొట్టె తిన్న పిల్లల్ని గుర్తుచెయ్యి. మనిషిని అమ్ముకోవడానికి చట్టమే ఒప్పుకుందన్న సంగతి మాత్రం దాచకు.

1838లో ఫ్రెడరిక్ నావికుడి వేషంలో రైలెక్కి తప్పించుకున్నాడు. చాలామంది అక్కడే కథ ముగిస్తారు. నాకది నచ్చదు. 1865లో బానిసత్వం రద్దయ్యాక, అమ్ముడుపోయిన తల్లుల కోసం, బిడ్డల కోసం జనం ఏళ్లతరబడి పత్రికల్లో ప్రకటనలు వేయించారు: పేరు, ఆఖరిసారి చూసిన ఊరు, కొనుక్కుపోయిన వాడి పేరు. అదీ చెప్పు. తర్వాత రూబీ బ్రిడ్జెస్ అనే నల్లపిల్ల కథ. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో తెల్లపిల్లల బడిలో చేరినప్పుడు దానికీ ఆరేళ్లే. తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మానిపించేశారు. బార్బరా హెన్రీ టీచరు ఏడాదంతా ఆ ఒక్క పిల్లకే పాఠాలు చెప్పింది. రూబీ ఈ అమ్మమ్మకంటే చిన్నదని చెప్పు, ఇదంతా రాజుల కాలం నాటి సంగతి కాదని వాడికే తెలుస్తుంది.

మన భారతీయులకు అమెరికా తలుపు తెరిచిన 1965 వలస చట్టం కూడా నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం ఊపులో వచ్చిందే. వాడు కాస్త పెద్దయ్యాక ఈ మాట చెప్పు.

ఈ కథలు పగటిపూట చెప్పు, నిద్రపోయే ముందు వద్దు. మీ ఇంటికి భోజనానికొచ్చిన మనవాళ్లెవరైనా నల్లవాళ్లను చులకనగా మాట్లాడితే, మొహమాటపడకుండా వాడి ముందే అడ్డు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ