కాలు నొప్పి అంటే సాకు అనుకోకండి: పిల్లల పాదాలు, చీలమండల గురించి ఒక పాఠం



బడి తెరిచాం. పుస్తకాలకు అట్టలు, యూనిఫాం కొలతలు, బస్సు ఫీజు. ఈ హడావుడిలో బూట్ల సంగతి చివరికి వస్తుంది. పోయిన ఏడాదివి చినగకపోతే అసలు రాదు. అందుకే ఈ నెల ఆరోగ్య పాఠం పాదాల గురించి.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద ఏడో తరగతి బాబు ఒకడు ఆటల పీరియడ్ రాగానే "సార్, మడమ నొప్పి" అని గట్టు మీద కూర్చునేవాడు. ఖోఖోలో మంచి చురుకైనవాడు. రెండు వారాలు చూశాను, మూడో వారం కోప్పడ్డాను. వాళ్ల నాన్నగారు కూడా "క్లాసులో రాని నొప్పి గ్రౌండ్‌కు పోతేనే ఎట్లా వస్తది సార్?" అన్నారు. ఒకరోజు వాడి బూట్లు విప్పించాను. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. మడమను రెండు పక్కల నుంచి నొక్కగానే కాలు వెనక్కి లాక్కున్నాడు. డాక్టర్ చూసి, ఎదిగే వయసులో వచ్చే మామూలు మడమ నొప్పేనని, కొన్ని వారాలు పరుగు తగ్గిస్తే చాలని చెప్పారు. బాబు మొదటి నుంచీ నిజమే చెప్పాడు. మేమే ఆ పాదాన్ని చూడలేదు.

ఈ పాఠం సారాంశం అంతే. పిల్లలు కాలు నొప్పి అంటే ముందు బూటు చూడండి, తర్వాత పాదం చూడండి, ఆ తర్వాతే అది సాకో కాదో తేల్చండి.

పాదం లోపల ఏముంది?

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. పెద్దవాళ్ల ఒంట్లోని 206 ఎముకల్లో 52 రెండు పాదాల్లోనే ఉన్నాయంటే నాలుగో వంతు అన్నమాట. పాదాన్నీ కాలినీ కలిపే కీలు చీలమండ. దానికి రెండు పక్కలా గుబ్బల్లాంటి ఎముకలు చేతికి తగులుతాయి. వాటిని పాదంతో కట్టి ఉంచే గట్టి పట్టీలే లిగమెంట్లు. పిల్లల ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని, పెరుగుతున్న మెత్తటి భాగం ఉంటుంది. పిల్లల దెబ్బల్నీ పెద్దవాళ్ల దెబ్బల్నీ ఒకేలా చూడకూడదనడానికి కారణం ఇదే.

బూట్లు కొనేటప్పుడు

బడి వయసు పిల్లల పాదం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే జూన్‌లో సరిపోయిన బూటు సంక్రాంతికి బిగుసుకోవచ్చు. మనం సాధారణంగా రెండు తప్పులు చేస్తాం. ఒకటి, చినిగేదాకా పాతవే వేయించడం. రెండోది, వచ్చే ఏడాదికీ పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి కొనడం. బిగుతు బూటులో గోరు లోపలికి గుచ్చుకుంటుంది. వదులు బూటులో పాదం జారి బొబ్బలెక్కుతుంది, పరుగెత్తితే కాలు మడతపడుతుంది.

కొలత ఇలా తీసుకోండి. సాయంత్రం పూట, సాక్సు తొడిగి, పిల్లల్ని కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయండి. రెండు పాదాలూ ఒకే పొడవు ఉండకపోవచ్చు. పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. బూటు వేసి నిలబడ్డప్పుడు పొడవైన వేలికీ బూటు కొసకూ మధ్య మీ బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ దగ్గర పైకి లేవకూడదు. బూటు వేళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యలో మడతపడకూడదు. జూన్‌లో, దసరా సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో, అంటే ఏడాదికి మూడుసార్లు ఈ కొలత చూస్తే చాలు.

బొబ్బ, పుండు ఉంటే డైరీలో ఒక్క మాట రాసి పంపండి. మానేదాకా చెప్పులతో రానిస్తాం. యూనిఫాం నిబంధన కోసం పుండు మీద బూటు తొడిగించకండి.

ఆటగాళ్ల మడమ నొప్పి

8 నుంచి 14 ఏళ్ల మధ్య, బాగా పరుగెత్తే పిల్లల్లో ఇది ఎక్కువ. 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ సీవర్ దీన్ని వివరించారు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. పిక్క కండరాన్ని మడమకు కలిపే తాడులాంటి భాగం ఒకటుంది. పిల్లలు ఒక్కసారిగా ఎత్తు పెరిగే రోజుల్లో అది బిగుతై, మడమ ఎముకలో ఇంకా గట్టిపడని చోటును ప్రతి పరుగుకూ లాగుతూ ఉంటుంది. అందుకే నొప్పి క్లాసులో రాదు, గ్రౌండ్‌లోనే వస్తుంది. గట్టి నేల, పలుచటి అడుగున్న కాన్వాస్ బూట్లు దాన్ని ఇంకా పెంచుతాయి.

కొన్ని వారాలు పరుగు, గెంతులు తగ్గించడం, మడమ కింద మెత్తటి ప్యాడ్, రోజూ పిక్కలు సాగదీసే వ్యాయామం. చాలామందికి ఇంతే చాలు. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు ఆనించి 30 సెకన్లు నిలబడాలి. ఒక్కో కాలికి మూడుసార్లు. మడమ ఎముక పూర్తిగా గట్టిపడ్డాక ఈ నొప్పి మళ్లీ రాదు. శాశ్వత నష్టం ఉండదు.

చదును పాదం చూసి కంగారు పడకండి

"మా పాప పాదంలో వంపు లేదు సార్, ఖరీదైన బూట్లు వేయాలన్నారు" అని చాలామంది తల్లులు అడుగుతారు. చిన్నపిల్లల పాదాలన్నీ చదునుగానే ఉంటాయి. వంపు పదేళ్ల లోపు నెమ్మదిగా తేలుతుంది. పాపను మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు వంపు కనిపిస్తే, నొప్పి లేకపోతే, వైద్యం అక్కర్లేదు. వంపు రాకపోయినా, పాదం బిర్రుగా ఉన్నా, నొప్పి ఉన్నా, ఒక పాదమే చదునుగా ఉన్నా ఎముకల డాక్టర్‌కు చూపించండి.

ఇక్కడ మన దేశంలోనే జరిగిన ఒక పరిశీలన తెలుసుకోవాలి. మణిపాల్‌కు చెందిన వైద్యులు రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ల వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి, 1992లో ఫలితాలు ప్రచురించారు. బూట్లు, చెప్పులు వాడేవారిలో 8.6 శాతం మందికి చదును పాదాలు ఉన్నాయి. ఏమీ వేసుకోకుండా తిరిగేవారిలో 2.8 శాతం మందికే ఉన్నాయి. వేళ్లు పూర్తిగా మూసేసే బూట్లు వాడేవారిలో ఇవి ఎక్కువ, చెప్పులు వాడేవారిలో తక్కువ. కాబట్టి బడి నుంచి రాగానే బూట్లు విప్పించి, శుభ్రమైన ఇంట్లో ఒట్టి కాళ్లతో తిరగనివ్వండి. పాదం కండరాలకు అది ఖర్చులేని వ్యాయామం.

కాలు బెణికినప్పుడు

ఎక్కువ బెణుకులు పాదం లోపలికి మడతపడి, చీలమండ బయటి పక్క లిగమెంట్లు సాగడం వల్ల వస్తాయి. ఆట ఆపించి కూర్చోబెట్టండి. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. ఐసును నేరుగా చర్మానికి తాకించవద్దు. సాగే క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం వద్దు, తైలం రాసి తోమడం వద్దు. కాలు పట్టుకుని "ఎక్కిస్తాం" అని లాగడం అసలే వద్దు. లోపల ఎముక చిట్లి ఉంటే లాగడంతో పక్కకు జరుగుతుంది. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే కట్టు విప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎక్స్‌రే అవసరమా అని ఎలా తెలుస్తుంది? 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు దీనికి కొన్ని సులువైన గుర్తులు రూపొందించారు. ప్రపంచమంతటా అత్యవసర విభాగాల్లో ఇప్పటికీ వాటినే వాడుతున్నారు. వాటి సారం ఇది:

1. దెబ్బ తగిలిన వెంటనే గానీ, తర్వాత గానీ, కుంటుతూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోతే.
2. చీలమండ రెండు పక్కల గుబ్బ ఎముకల కొసన గానీ, వెనక అంచున గానీ నొక్కితే నొప్పి ఉంటే.
3. పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద, లేదా లోపలి పక్క వంపు పైనున్న ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. పిల్లల విషయంలో అనుమానం ఉంటే డాక్టర్‌కు చూపించడమే మంచిది. సింగరేణి కుటుంబాలకు ఏరియా ఆసుపత్రి, మిగతావారికి గోదావరిఖని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి దగ్గరలోనే ఉన్నాయి.

వాపు తగ్గగానే ఆటకు పంపేయకండి. బెణికిన కాలే మళ్లీ బెణకడం మనం చూస్తుంటాం. లిగమెంటు సాగినప్పుడు బ్యాలెన్స్ కూడా దెబ్బతింటుంది. పళ్లు తోముకునేటప్పుడు ఆ కాలి మీదే అర నిమిషం నిలబడటం అలవాటు చేయండి. ఊగకుండా నిలబడి, ఒంటికాలితో నొప్పి లేకుండా గెంతగలిగిన రోజు గ్రౌండ్‌కు పంపండి.

వానాకాలం చర్మం, గోళ్లు

వానల్లో తడిసిన సాక్సు సాయంత్రం దాకా కాలికే ఉంటే వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, దురద పెడుతుంది. అది ఫంగస్. పిల్లల సంచిలో ఒక జత పొడి సాక్సు పెట్టండి. కాళ్లు కడిగాక వేళ్ల సందుల్లో తుడవడం నేర్పండి. తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కి, ఫ్యాను కింద ఆరబెట్టండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మిశ్రమ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టు ఉండి, ఫంగస్ ఇంకా ముదురుతుంది. డాక్టర్ రాసిన మందే, చెప్పినన్ని రోజులు వాడండి.

గోళ్లు నేరుగా కత్తిరించండి, మూలలు లోతుగా తీయకండి. ఆనెనూ పులిపిరినీ బ్లేడుతో కోయకండి.

ఇప్పుడు మీ పాదాల సంగతి

ఫంగస్ ఒకరి నుంచి ఒకరికి తువ్వాలు ద్వారా, బాత్‌రూమ్ తడి నేల ద్వారా అంటుకుంటుంది. గనిలో నీళ్లలో, చెమటలో షిఫ్టంతా గంబూట్లలో నానిన నాన్న పాదాలకు ఉన్నదే ఇంట్లో పిల్లలకు వస్తే ఆశ్చర్యం లేదు. కాబట్టి వైద్యం ఇద్దరికీ కలిపి చేయించాలి. కాళ్లు తుడుచుకునే గుడ్డలు ఎవరివి వారికే ఉండాలి.

షుగర్ ఉన్న తల్లిదండ్రులు, తాతయ్యలు, నానమ్మలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా తెలియదు. నొప్పి లేదు కదా అని వదిలేసిన చిన్న పుండే వేలు తీసేసేదాకా తీసుకెళ్లవచ్చు. మన ఎండల్లో గుడి ముందు బండల మీద నడిస్తే అరికాలు బొబ్బలెక్కినా వారికి తెలియకపోవచ్చు. అయ్యప్ప మాల వేసుకునే ముందు, జాతరకు చెప్పుల్లేకుండా నడిచే ముందు పాదాలు డాక్టర్‌కు చూపించండి. దీక్షలో ఉన్నన్నాళ్లూ రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. ఆనెలకు అంటించే పట్టీలు షుగర్ ఉన్నవారు వాడకూడదు.

వెంటనే డాక్టర్‌కు చూపించాల్సినవి

రాత్రి నిద్రలేపే నొప్పి. జ్వరంతో పాటు ఎర్రబడి వేడిగా ఉన్న కీలు. దెబ్బ తగలకుండానే రెండు రోజులకు మించి కుంటడం. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం. షుగర్ ఉన్నవారి పాదం మీద ఎంత చిన్న పుండైనా సరే.

ఈ నెల ఇంటి పని

ఈ ఆదివారం పది నిమిషాలు కేటాయించండి. పిల్లల పాదాలు కడిగించి, తడి కాలుతో గచ్చు మీద ముద్ర వేయించండి. వేళ్ల సందులు, గోళ్లు, మడమలు చూడండి. బూటు తిరగేసి అడుగు ఎటువైపు అరిగిందో చూడండి. తర్వాత మీ పాదాలు వాళ్లను చూడమనండి. నాన్న అరికాలును అద్దం అక్కర్లేకుండా చూడగలిగేది పిల్లలే. ఎక్కడైనా పుండు, పగులు, రంగు మార్పు ఉంటే రాసుకుని తెమ్మనండి. సోమవారం ఆటల పీరియడ్‌లో మాట్లాడుకుంటాం.

గనిలో పనిచేసే తండ్రులకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. సర్దార్ కర్రతో పైకప్పు తట్టి, శబ్దం విని, సరే అన్నాకే ఆ చోట పని మొదలవుతుంది. "నిన్న బాగానే ఉంది కదా" అని ఎవరూ వదిలేయరు. మన పాదాల విషయంలోనూ అదే పద్ధతి పెట్టుకుందాం. ఈసారి మీ బాబో పాపో "కాలు నొప్పి" అంటే, కోప్పడే ముందు ఒక్కసారి బూటు విప్పించండి. నేనూ అదే చేస్తాను.

మీ పిల్లల వ్యాయామ ఉపాధ్యాయుడు