ఆఫ్‌లైన్ వీడియో: ‘డౌన్‌లోడ్’ నొక్కితే ఫోన్‌లోకి ఏం వస్తుంది?

రాత్రి ట్రైన్‌లో చూద్దామని నాలుగు క్లాసులు డౌన్‌లోడ్ చేసుకుంటారు. సిగ్నల్ పోయాక ఓపెన్ చేస్తే ‘ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వండి’ అని మెసేజ్. తెల్లారితే ఎగ్జామ్! చాలామందికి ఎదురయ్యే ఈ ఇబ్బంది ఎందుకొస్తుందో, రాకుండా ఏం చేయాలో చూద్దాం.

స్ట్రీమింగ్ ఎలా పనిచేస్తుంది?
యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి వీడియోను ఒకే ఫైల్‌గా పంపవు. కొన్ని సెకన్ల చిన్న ముక్కలుగా పంపుతాయి. ప్రతి ముక్కా రకరకాల క్వాలిటీల్లో సర్వర్‌లో రెడీగా ఉంటుంది. నెట్ స్పీడ్‌ను బట్టి ప్లేయర్ ఒకదాన్ని ఎంచుకుంటుంది. మధ్యలో బొమ్మ మసకబారి మళ్లీ క్లియర్ అయ్యేది అందుకే.

మీరు డౌన్‌లోడ్ నొక్కితే యాప్ ఒకే క్వాలిటీ ముక్కలను తెచ్చుకుని, ఎన్‌క్రిప్ట్ చేసి తన దగ్గరే దాచుకుంటుంది. అందుకే ఆ వీడియో గ్యాలరీలో కనిపించదు, వాట్సాప్‌లో పంపలేం. అంటే మీ చేతికొచ్చింది ఫైల్ కాదు, గడువున్న పర్మిషన్.

గడువు ఎంత?
యూట్యూబ్ ప్రీమియంలో కనీసం 30 రోజులకొకసారి నెట్‌కి కనెక్ట్ అవ్వాలి. ప్రీమియం లేకుండా సేవ్ చేసినవాటిలో కొన్ని 48 గంటలే ఉంటాయి. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్ని టైటిల్స్‌కి ప్లే మొదలుపెట్టిన దగ్గర్నుంచి 48 గంటల లెక్క మొదలవుతుంది. కాబట్టి ‘ఎలా ఉందో చూద్దాం’ అని ముందే ప్లే చేయకండి.

స్టోరేజ్ లెక్క
వీడియో బిట్‌రేట్ 1 ఎంబీపీఎస్ అయితే గంటకు సుమారు 450 ఎంబీ అవుతుంది. 2 ఎంబీపీఎస్ అయితే 900 ఎంబీ. బోర్డు మీద అక్షరాలు చదవగలిగితే చాలు అనుకునే క్లాసులకు 480పీ పెట్టుకుని చూడండి, బోలెడు చోటు మిగులుతుంది.

బయల్దేరే ముందు
1. ఇంట్లో వైఫై ఉండగానే యాప్ ఒకసారి ఓపెన్ చేయండి, గడువు రెన్యూ అవుతుంది.
2. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి, యూట్యూబ్ వీడియోలను మధ్యలోకి జరిపి ప్లే చేయండి. డౌన్‌లోడ్ సగంలో ఆగితే ఇక్కడే తెలిసిపోతుంది.

అసలైన ఫైలే కావాలంటే?
మీ సొంత వీడియోలను యూట్యూబ్ స్టూడియో నుంచి ఎంపీ4గా తెచ్చుకోవచ్చు. ఇంజినీరింగ్ స్టూడెంట్స్ ఎన్‌పీటీఈఎల్ సైట్‌లో చాలా కోర్సుల లెక్చర్లను ఫైల్‌గానే దించుకోవచ్చు. దానికి గడువు గొడవ లేదు, పెన్‌డ్రైవ్‌లో ఫ్రెండ్‌కీ ఇవ్వొచ్చు.

ఊరూపేరూ లేని డౌన్‌లోడర్ సైట్లు, మోడ్ ఏపీకేల జోలికి మాత్రం వెళ్లకండి. పర్మిషన్ లేకుండా దించుకోవడం యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం. పైగా అలాంటి యాప్‌లో గూగుల్ లాగిన్ ఇచ్చారంటే, ఒక్క వీడియో కోసం మీ మెయిల్, ఫొటోల తాళాలు తెలియనివాడి చేతిలో పెట్టినట్టే.